బొంత కుట్టు నేర్పడానికి దేశం దాటి పోదామా?
(సమాఖ్య వార్షిక మహాసభలో కుట్టుపని ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

వికారాబాద్ దిక్కు నుంచి వచ్చినోళ్లు ఉన్నరు, తాండూరు దిక్కు నుంచి వచ్చినోళ్లు ఉన్నరు, తండాల నుంచి పొద్దుగాలనే బయలుదేరి వచ్చిన అక్కలు ఉన్నరు. పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి లెక్కలు ఇప్పుడే విన్నం. మాకిచ్చిన సమయంల మేము ఒక్క సంగతే మాట్లాడతం. దాని మీద ఈ సభ నిర్ణయం కావాలె.

ఈ ఏడు మన సమాఖ్యకు ఒక ఉత్తరం వచ్చింది. బయటి దేశంల బట్టముక్కల బొంతలు కుట్టే ఆడవాళ్ల బృందం ఒకటి మన చేతి బొంతను చూసింది. "మీ నుంచి ఇద్దరు వచ్చి మాకు మూడు వారాలు నేర్పాలె, రానుపోను ఖర్చు మాదే" అని రాసింది. మాట ఇంకా ఖాయం కాలేదు కాబట్టి వాళ్ల పేరు, ఊరు ఈ సభల చెప్పడం లేదు. ఉత్తరంల ఒక షరతు ఉన్నది. వచ్చే ఇద్దరికీ ఇంగ్లిష్ రావాలె అని.

చిక్కు ఇక్కడనే ఉన్నది. మనల బొంత బాగా కుట్టే చేతులు ఎవరివి? అరవై దాటిన అవ్వలవి. వాళ్లల ఎక్కువ మంది రిజిస్టర్ల వేలిముద్ర వేసేటోళ్లే. ఇంగ్లిష్ ఎవరికి వస్తది? డిగ్రీ చదివిన మన బిడ్డలకు. వాళ్లకు మిషన్ మీద జాకెట్ కుట్టుడు వస్తది గానీ, నాలుగు పొరలు కదలకుండ చేత్తోటి బొంత కుట్టుడు రాదు. షరతు ప్రకారం పంపితే పని రానోళ్లు పోతరు. పని వచ్చినోళ్లను పంపితే షరతు తప్పుతది. పోయేది ఎవరు, వచ్చే పైసలు ఎవరివి, మన కుట్టు మీద పేరు ఎవరిది? ఈ మూడు తేలకుండ టికెట్ల మాట ఎత్తొద్దని మా ఉపసంఘం అనుకున్నది.

ముందుగాల మన దగ్గరున్నది ఏందో చూసుకుందాం. పాత నూలు చీరలు ఉతికి, అంచులు తీసి, పొరలు పొరలుగా పరిచి, మీద ముక్కలు పేర్చి, దగ్గర దగ్గర కుట్టు వేస్తే బొంత అయితది. ఇంట్ల పరిచిన బండల మీద పరుచుకుని, నాలుగు మూలల బరువు పెట్టి, ముడత లేకుండ చేత్తోటి సవరించి కుడతం. చట్రం లేదు, గీత గీసుడు లేదు. చెయ్యే కొలత. తాండూరు దిక్కున సేడం, చించోళి నుంచి వచ్చిన కోడళ్లు దీన్నే కౌది అంటరు. మహారాష్ట్రల గోధడి అంటరు, బెంగాల్‌ల కాంథా, బీహార్‌ల సుజని, రాజస్థాన్, సింధు దిక్కున రల్లి. పేర్లు వేరు గానీ పుట్టుక ఒక్కటే. ఇంట్ల చినిగిన బట్టను పారేయకుండ, చలికి పిల్లల మీద కప్పాలెననే ఆడదాని ఆలోచన అది.

జపాన్‌ల పేద రైతుల ఇండ్లల్ల కూడా చినిగిన బట్ట మీద బట్ట వేసి కుట్టుకున్నరు. అట్లా అతుకులు పడ్డ బట్టలను బోరో అంటరు, ఆ కుట్టును సాషికో అంటరు. ఇయ్యాల ఆ పాత బట్టలను మ్యూజియంలల్ల పెట్టి చూపిస్తున్నరు. అందుకని మన బొంతను బయటోళ్లు అడిగితే ఆశ్చర్యపోవాల్సింది ఏం లేదు. మన ఇండ్లల్ల కూడా చూడండి. బిడ్డ కాన్పుకు అమెరికా పోయే తల్లి పెట్టెల పచ్చళ్లు, పొడులతో పాటు మెత్తటి పాత చీరల పసిబొంత ఒకటి పెట్టుకుంటది. అంటే మన బొంత ఎప్పుడో దేశం దాటింది. కుట్టిన చెయ్యే ఇంకా దాటలేదు.

"మనం పోయి ఎవరికి నేర్పుతం, మనకు భాష వస్తదా?" అని కొందరు అక్కలు అడిగిన్రు. ఈ మాటకు జవాబు మన సంఘాల చరిత్రల్నే ఉన్నది. 2000లో ఉమ్మడి రాష్ట్రంల సెర్ప్ మొదలైంది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చినంక, మన రాష్ట్రం సంఘాల అక్కలు సీఆర్పీలుగా బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి రాష్ట్రాలకు పోయిన్రు. హిందీ అంతంత మాత్రమే వచ్చినోళ్లు ఊర్లల్ల దిగి, అక్కడి ఆడవాళ్లతోటి తిని, వాళ్లతోటి కూర్చుని సంఘాలు పెట్టించిన్రు. పంచసూత్రాలు నేర్పిన్రు. వారం వారం సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంల వాపసు, పుస్తకాల నిర్వహణ. వాళ్లు భాషతోటి నేర్పలేదు. "నేను అప్పు తీసుకున్న, బర్రెను కొన్న, అప్పు తీర్చిన, బిడ్డను చదివించిన" అని తమ బతుకు చూపించి నేర్పిన్రు. అక్కడి ఆడవాళ్లు ఆఫీసర్ల మాట కంటే వీళ్ల మాటనే ఎక్కువ నమ్మిన్రు. కుట్టు సంగతి కూడా అంతే. సూది పట్టిన చెయ్యి ఎదురుంగ కనపడితే సగం మాట అక్కర ఉండదు.

ఇక బయట ఏం జరిగిందో రెండు మూడు ఉదాహరణలు చెప్తం.

అమెరికాల అలబామా రాష్ట్రంల గీస్ బెండ్ అని ఒక ఊరు ఉన్నది. మూడు దిక్కుల నది, నడుమ ఊరు. అక్కడ ఉండేది ఒకప్పుడు పత్తి చేన్లల్ల బానిసలుగా పనిచేసిన నల్లజాతి వాళ్ల సంతతి. చేన్లకు కట్టుకుపోయిన ప్యాంట్లు, చొక్కాలు చినిగితే ఆ ముక్కలతోటి ఆడవాళ్లు బొంతలు కుట్టుకున్నరు. వాళ్లు ఓటు హక్కు కోసం లేచిన కాలంల, 1962లో, నది దాటే పడవను బంద్ చేసిన్రు. ఆ పడవ మళ్లీ 2006లో గానీ నడవలేదు. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని కుట్టు సహకార సంఘం పెట్టుకున్నరు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంల వాళ్ల బొంతలను గోడలకు వేలాడదీసి చూపించిన్రు. 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతల బొమ్మలతోటి స్టాంపులు వేసింది. ఆ ఊరి ఆడవాళ్లు బయటి ఊర్లకు పోయి కుట్టు నేర్పేదాకా వచ్చిన్రు.

ఇది విని సంబురపడదాం. మిగిలిన కథ కూడా వినాలె. పేరు వచ్చినంక బొంతల మీది రంగులు, ముక్కల పేర్పు వేరే సామాన్ల మీదికి ఎక్కినయి. 2007లో ఆ ఊరి కుట్టేటోళ్లు కొందరు తమకు రావాల్సింది రాలేదని కోర్టుకు పోయిన్రు. 2008లో ఆ కేసులు రాజీ అయినయి. ఎవరిది తప్పు అనేది మన పని కాదు. మనం చూడాల్సింది ఒక్కటే. బొంత అమ్ముడు వేరు, బొంత మీది నమూనాను వాడుకునే హక్కు ఇచ్చుడు వేరు. ఈ రెండూ కాగితం మీద వేరు వేరుగా రాయకపోతే తర్వాత కొట్లాట అయితది.

రెండోది మన పక్క రాష్ట్రంల ఉన్నది. కర్ణాటకల ఉత్తర కన్నడ జిల్లా, ఎల్లాపూర్, హళియాళ అడవి ఊర్లల్ల సిద్దీలు ఉంటరు. వాళ్ల పెద్దలు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినోళ్లు. వాళ్లు కుట్టే బొంతను కవంద్ అంటరు. ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడి తిరుగుతూ నడుమకు వస్తరు. మూలలకు పువ్వు లాగ మడిచిన ముక్క కుడితేనే బొంత నిండుగున్నట్టు. అమెరికా నుంచి వచ్చిన హెన్రీ డ్రూవల్ అనే ప్రొఫెసర్ ఆ కుట్టును చూసి, 2004లో సిద్దీ ఆడవాళ్ల కుట్టు సహకార సంఘం ఏర్పడేటందుకు తోడ్పడ్డడు. ఆ బొంతలు అమెరికాల ప్రదర్శనలకు పోయినయి. చదువు లేని చేతుల పనికి, భాష రాకున్నా, దేశం దాటి విలువ దొరికింది.

మూడోది బీహార్ సుజని. 2006లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బళ్లారి దిక్కు సండూరు లంబాడీ కుట్టుకు 2010లో వచ్చింది. మన తాండూరు కందికి 2022లో వచ్చింది, అందరికీ యాదికున్నది. ఆ గుర్తింపు ఒక్క మనిషికి రాదు, ఆ ప్రాంతంల పండించే వాళ్లందరికీ, చేసే వాళ్లందరికీ వస్తది. తాండూరు నల్లరేగడి, అడుగున సున్నపురాయి లేకుంటే ఆ కందికి ఆ రుచి లేదు. బొంత కూడా ఒక్క అవ్వది కాదు, ఈ ప్రాంతం ఆడవాళ్లందరిది. నేర్పడానికి ఇద్దరు పోయినా, వాళ్లు తీసుకుపోయేది అందరి సొత్తు. ఈ మాటను గట్టిగ పట్టుకుంటే పైసల లెక్క సులువైతది.

ఇప్పుడు కాగితాల సంగతి. దీంట్ల మోసం ఎక్కువ, అందుకే వివరంగ చెప్తం.

మొదటిది పాస్‌పోర్టు. చదువు రానోళ్లకు రాదనేది అబద్ధం. వేలిముద్ర వేసి కూడా తీసుకోవచ్చు. పెద్దలకు ఇచ్చే మామూలు పాస్‌పోర్టు 10 ఏండ్లు నడుస్తది. పెండ్లి సర్టిఫికెట్ కచ్చితంగ కావాలెనన్న నిబంధనను 2016 చివరల తీసేసిన్రు. ఆధార్ కార్డుల పేరు, పుట్టిన తేదీ, ఓటర్ కార్డుల పేరు ఒక్క తీరుగ ఉన్నయా అనేది ముందు చూసుకోవాలె. మనల చాలా మందికి ఒక దాంట్ల పుట్టింటి పేరు, ఒక దాంట్ల అత్తింటి పేరు ఉంటది. పిలుపు వచ్చినా రాకున్నా ఇది ఇప్పుడే సరి చేయించుకోండి, పింఛన్‌కు కూడా పనికొస్తది.

పది పాస్ కానోళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటది. అంటే గల్ఫ్, మలేషియా వంటి కొన్ని దేశాలకు కొలువు కోసం పోయేటప్పుడు సర్కారు అనుమతి కావాలెనని అర్థం. 50 ఏండ్లు దాటినోళ్లకు ఆ షరతు లేదు. మన అవ్వలకు అది అడ్డం కాదు.

రెండోది వీసా. పైసలు తీసుకుని నేర్పుడు పని కిందికి వస్తది. చూడడానికి పోయే వీసా మీద పోయి పైసలకు పాఠం చెప్తామంటే చాలా దేశాలు ఒప్పుకోవు. కొన్ని దేశాలల్ల కొద్ది రోజుల పాఠాలకు, అది కూడా కొన్ని రకాల సంస్థలు పిలిస్తే, వేరే నిబంధనలు ఉంటయి. కాబట్టి ఏ వీసా అనేది పిలిచినోళ్లు రాతపూర్వకంగ చెప్పాలె. ఎన్ని రోజులు, ఎక్కడ ఉండాలె, ఎవరు తిండి పెట్టాలె, రోజుకు ఎన్ని గంటలు, ఎంత ఇస్తరు, వాపసు టికెట్ ముందే కొంటరా, జ్వరమొస్తే బీమా ఉన్నదా, ఇవన్నీ ఉత్తరంల ఉండాలె. యూరప్‌ల షెంగెన్ దేశాలకు పోవాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా లేకుండ వీసానే ఇయ్యరు.

మూడోది ఏజెంట్. "కుట్టు పని ఉన్నది, విజిట్ వీసా మీద పంపుత, అక్కడ పోయినంక మారుస్త" అని ఎవరన్న అంటే ఆ గడప దాటొద్దు. కుట్టు పని అని తీసుకుపోయి ఇంటి పనికి పెట్టిన కథలు గల్ఫ్ పోయిన మన తెలంగాణ ఆడవాళ్లల్ల ఎన్నో ఉన్నయి. బయటి కొలువులకు పంపడానికి మన రాష్ట్ర సర్కారుకే టామ్‌కామ్ అనే సంస్థ ఉన్నది. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల చేతుల్నే ఉండాలె. "జాగ్రత్తగ నా దగ్గర పెట్టుత" అన్నోళ్లకు ఇయ్యొద్దు.

నాలుగోది పైసలు. బయటి దేశం నుంచి విరాళం తీసుకోవాలంటే 2010 చట్టం కింద కేంద్రం దగ్గర అనుమతి ఉండాలె. అది లేకుండ సమాఖ్య ఖాతాల వేయించుకోవద్దు. మనం చేసిన పనికి మామూలు వ్యాపారం లెక్కన బిల్లు ఇచ్చి తీసుకునే ఫీజు విరాళం కిందికి రాదని అదే చట్టం చెప్తది. ఏది విరాళం, ఏది ఫీజు అనేది మన ఆడిటర్‌ను అడిగి, రాయించుకుని, అప్పుడు ఖాతా నంబర్ ఇద్దాం.

ఇక పోయి ఏం నేర్పాలె? మూడు వారాలల్ల పెద్ద బొంత పూర్తి కాదు. రోజూ మధ్యాహ్నం కూర్చుంటే ఒక డబుల్ బొంతకు మనకే ఇరవై రోజులు, నెల పడతది. అందుకని మూరెడు మూరెడు చిన్న ముక్క మీద నేర్పాలె. మొదట పొరలు పరిచి ముడత తీసుడు. తర్వాత అంచు కుట్టు. తర్వాత వరుస తప్పకుండ నడుమకు వచ్చుడు. చివరికి మూల మలుపుడు. మన అవ్వల పనితనం మూలల్ల తెలుస్తది. అక్కడ బట్ట మందమయి సూది దిగదు, కొత్తోళ్లు అక్కడనే ఆగిపోతరు. ఆ ఒక్క మూల నేర్పితే పోయిన దానికి ఫలితం ఉన్నట్టే. తండాల అక్కల అద్దాల కుట్టును కూడా కలిపి చూపించాలెననుకుంటే, దాన్ని చూపించేది తండా అక్కనే కావాలె. కత్తెర, సూదులు చేతి సంచిల పెట్టొద్దు, విమానంల వేసే పెద్ద పెట్టెల పెట్టాలె. పాత చీరలు మంచిగ ఉతికి, ఎండబెట్టి తీసుకపోవాలె.

ఇంకో మాట. ఇప్పుడు మనం కట్టేది ఎక్కువ పాలిస్టర్ చీరలు. అవి జారుతయి, చెమట పీల్చవు, పొరలు నిలవవు. నూలు చీరలు ఇండ్లల్ల తగ్గుతున్నయి. వాటితో పాటు కుట్టే చేతులు కూడా తగ్గుతున్నయి. బయటి దేశపోళ్లకు నేర్పి వచ్చి, మన ఇంట్ల బిడ్డకు నేర్పకపోతే, పదేండ్లకు మనమే వాళ్ల దగ్గరికి పోయి నేర్చుకోవాల్సి వస్తది. ఈ మాట మేము భయపెట్టడానికి చెప్తలేము, లెక్క చూసి చెప్తున్నం. మా ఉపసంఘం సభ్యుల ఇండ్లల్ల చూసుకుంటే చేతి బొంత వచ్చిన బిడ్డ ఒక్కతి కూడా లేదు.

పోయేటోళ్ల ఇంటి సంగతి కూడా మాట్లాడాలె. ఆడమనిషి మూడు వారాలు ఇల్లు విడిస్తే మనుమరాలిని బడికి ఎవరు తోలుతరు, బర్రెకు గడ్డి ఎవరు వేస్తరు, సంఘం కిస్తీ ఎవరు కడతరు? "ముసలితనంల విమానమేంది" అని కొడుకులు అంటరు, "చదువుకున్న పిల్లను ఒంటరిగ పంపుడేంది" అని అత్తలు అంటరు. సీఆర్పీలు బీహార్ పోయినప్పుడు కూడా ఇవే మాటలు వచ్చినయి. అప్పుడు తోటి సభ్యులే ఆ ఇండ్లను చూసుకున్నరు. ఇప్పుడు కూడా ఆ బాధ్యత గ్రామ సంఘమే తీసుకోవాలె. లేకుంటే పోగలిగేది ఇంట్ల పని చేసిపెట్టేటోళ్లు ఉన్నోళ్లే అయితరు. పేద అవ్వ మళ్లీ వెనుకనే ఉంటది.

ఇవన్నీ ఆలోచించి మేము సభ ముందు అయిదు తీర్మానాలు పెడుతున్నం.

ఒకటి. పోయేది జోడి. ఒక అవ్వ, ఒక చదువుకున్న బిడ్డ. పాఠం చెప్పేది అవ్వ, మాట చెప్పేది బిడ్డ. ఇద్దరికీ ఇంగ్లిష్ కావాలెనన్న షరతు తీసేయాలెనని వాళ్లకు జవాబు రాద్దాం. ఒప్పుకోకపోతే పోవద్దు.

రెండు. ఆ బిడ్డ పోయే ముందు అదే అవ్వ దగ్గర కూర్చుని ఒక పూర్తి బొంత తన చేత్తోటి కుట్టాలె. కుట్టకుండ పాస్‌పోర్టు ఉన్నది కదా అని పంపొద్దు.

మూడు. ఇద్దరికీ కూలి సమానం. అవ్వకు వేలిముద్ర అని తక్కువ, బిడ్డకు డిగ్రీ అని ఎక్కువ ఉండొద్దు. ఆ ఫీజుల కొంత భాగం కుట్టు నేర్చుకునే పిల్లల కోసం సమాఖ్యల వేరే ఖాతాల ఉండాలె. ఎంత భాగం అనేది సభ చెప్పాలె.

నాలుగు. నమూనాల ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చు గానీ, వాటిని అమ్మకానికి వాడాలంటే సమాఖ్యతోటి వేరే ఒప్పందం చేసుకోవాలె. బొంత ఎక్కడ చూపించినా కుట్టిన మనిషి పేరు, ఊరి పేరు రాయాలె.

అయిదు. పోయినోళ్లు వాపసు వచ్చే దాక వాళ్ల కిస్తీ, ఇంటి కష్టం గ్రామ సంఘం చూసుకోవాలె. వచ్చినంక ఆ ఇద్దరూ ప్రతి మండలంల ఒక్కరోజు కూర్చుని, అక్కడ నేర్పింది ఇక్కడ మన పిల్లలకు కూడా నేర్పాలె.

పిలిచినోళ్లు ఈ షరతులకు ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోయినా రెండో తీర్మానం, నేర్పుడు తీర్మానం మాత్రం ఆగొద్దని మా మనవి. ఏ దేశం పిలిచినా పిలవకున్నా, వచ్చే చలికాలంల ఊరికి ఒక అవ్వ దగ్గర ఇద్దరు పిల్లలు కూర్చోవాలె. అంతవరకు ఖర్చు లేదు, వీసా అక్కర లేదు, కావాల్సింది నాలుగు పాత నూలు చీరలు, ఒక సూది, మధ్యాహ్నం పూట రెండు గంటలు.

ఇప్పుడు ఒక్కొక్క తీర్మానం మీద చేతులెత్తాలె. అవ్వలు ముందుగాల మాట్లాడాలెనని మేము కోరుతున్నం, ఎందుకంటే పని వాళ్లది. వాళ్లు చెప్పినంకనే మిగిలినోళ్లం చెప్తం.